ప్రీస్కూల్ తనిఖీ నివేదికలో 'టైప్ ఎ' లోపం కనబడితే పాపను మానిపించాలా?

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నంత వరకు విషయం ఇది. మూడున్నరేళ్ళ మీ పాప కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ దగ్గర, రాష్ట్ర లైసెన్సు ఉన్న ఒక ప్రీస్కూల్‌కు ఏడాదిగా వెళుతోంది. ఈ మధ్య తలుపు పక్కన అంటించిన తనిఖీ నివేదికలో, తరగతి లోపలికి వచ్చేసిన తర్వాత ఒక బాబు ఆటస్థలంలో కొద్ది నిమిషాలు ఒంటరిగా మిగిలిపోయాడని, దాన్ని 'టైప్ ఎ' లోపంగా, అంటే తక్షణ ప్రమాదం ఉన్నదిగా, నమోదు చేశారని చదివారు. ఆ తర్వాత రాష్ట్ర వెబ్‌సైటులో చూస్తే గత రెండేళ్ళలో మరో నాలుగు 'టైప్ బి' లోపాలు, అంటే అంత తీవ్రం కానివి, కనబడ్డాయి: కుళాయిలో నీళ్ళు ఎక్కువ వేడిగా ఉండడం, ఒక టీచరు ఫైలులో టీకా కాగితం లేకపోవడం, విపత్తు డ్రిల్ చేసిన తేదీ రాసి పెట్టకపోవడం, జారుడుబల్ల కింద చెక్కపొట్టు పలచబడడం. మీ స్నేహితురాలి పిల్లలు వెళ్ళే మరో స్కూల్‌కు ఒక్క లోపం కూడా లేదు. పాపను అక్కడికి మార్చాలా అన్నది మీ ప్రశ్న.

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో చాలా కాలం ప్రీస్కూల్ డైరెక్టరుగా పనిచేసి, ఇటువంటి తనిఖీలలో ఎదుట కూర్చుని సంతకాలు పెట్టిన అనుభవంతో సమాధానం చెబుతున్నాను. అయిదు లోపాలు, సున్నా లోపాలు అనే లెక్కతో నిర్ణయం తీసుకోకండి. ఆ నాలుగు టైప్ బి లోపాలను పక్కన పెట్టవచ్చు. టైప్ ఎ లోపాన్ని మాత్రం చాలా గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఒక ప్రీస్కూల్ భద్రతలో అసలు ప్రాణం అక్కడే ఉంది. ఆ సంఘటన జరిగిందన్న ఒక్క కారణంతో పాపను మానిపించమని నేను చెప్పను. అది జరిగిన తర్వాత ఆ స్కూల్ ఏం మార్చింది అన్నదానికి మీకు సూటి సమాధానం దొరక్కపోతే మాత్రం మానిపించమనే చెబుతాను.

ముందుగా ఈ తనిఖీ ఎవరిది, ఎలా జరుగుతుంది అన్నది తెలిస్తే నివేదిక చదవడం తేలికవుతుంది. కాలిఫోర్నియాలో పిల్లల సంరక్షణ కేంద్రాలకు లైసెన్సు ఇచ్చేది సామాజిక సేవల శాఖ కింద ఉన్న కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ విభాగం. నియమాలన్నీ టైటిల్ 22 అనే రాష్ట్ర నిబంధనావళిలో ఉన్నాయి. తనిఖీకి వచ్చే అధికారిని లైసెన్సింగ్ ప్రోగ్రామ్ ఎనలిస్ట్ అంటారు. మేము మాట్లాడుకునేటప్పుడు 'లైసెన్సింగ్ వాళ్ళు వచ్చారు' అంటాం. సాధారణ తనిఖీకి ముందుగా చెప్పి రారు. ప్రభుత్వ సబ్సిడీతో చదివే పిల్లలను తీసుకునే కేంద్రాలకు ఏడాదికి కనీసం ఒకసారి ముందస్తు సమాచారం లేని తనిఖీ ఉండాలని 2014లో సవరించిన ఫెడరల్ చైల్డ్ కేర్ గ్రాంటు చట్టం కూడా చెబుతుంది. లోపలికి రానివ్వకపోవడమే ఒక తీవ్రమైన ఉల్లంఘన, దానికి వెంటనే జరిమానా పడుతుంది.

అనుభవం ఉన్న ఎనలిస్ట్ కాగితాల జోలికి వెంటనే వెళ్ళరు. వచ్చీ రాగానే ప్రతి గదిలోకి, ఆటస్థలంలోకి నడిచి, ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దవాళ్ళు ఉన్నారో లెక్కపెట్టి, సమయంతో సహా రాసుకుంటారు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఎక్కడినుంచో ఇంకో టీచరు ఆ గదిలోకి చేరిపోవచ్చునని వాళ్ళకు తెలుసు. ఆ తర్వాత ఆ లెక్కను ఉదయం తల్లిదండ్రులు చేసిన సైన్-ఇన్ సంతకాలతో పోల్చి చూస్తారు. గదిలో కనబడ్డ ప్రతి పెద్ద మనిషి పేరూ వేలిముద్రల క్లియరెన్సు (నేరచరిత్ర పరిశీలన) జాబితాలో ఉందా అని సరిచూస్తారు. క్లియరెన్సు లేని మనిషి పిల్లల మధ్య పనిచేస్తూ కనబడితే రోజుకు 100 డాలర్ల చొప్పున జరిమానా మొదలవుతుంది. సింకు కింద అలమారాలు, టీచర్ల హ్యాండుబ్యాగులు పెట్టే చోటు, స్ప్రే సీసాలు, మందుల పెట్టె, కంచె, గేటు గడియ, ఎక్కి ఆడుకునే సామాను కింద నేల, ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత, పిల్లలకు ఎప్పుడూ అందుబాటులో తాగే నీళ్ళు ఉన్నాయా లేదా అన్నవన్నీ చూశాక, కొందరు పిల్లల ఫైళ్ళు, కొందరు సిబ్బంది ఫైళ్ళు తీయిస్తారు. చివరగా డైరెక్టరును కూర్చోబెట్టి, కనబడిన లోపాలను చదివి, ఒక్కొక్కటి ఏ తేదీలోగా ఎలా సరిచేస్తారో రాయించుకుని సంతకం తీసుకుంటారు. ఆ సంతకానికి నివేదిక అందింది అన్నంతవరకే అర్థం. ఒప్పుకోకపోతే 15 పనిదినాల్లో అప్పీలు చేసుకోవచ్చు.

లోపాలను రెండు రకాలుగా రాస్తారు. పిల్లల ఆరోగ్యానికి, భద్రతకు, హక్కులకు తక్షణ ప్రమాదం ఉంటే టైప్ ఎ. అప్పటికప్పుడు ప్రమాదం లేకపోయినా, సరిచేయకుండా వదిలేస్తే ప్రమాదానికి దారి తీయగలదైతే టైప్ బి. టైప్ ఎ పడితే ఆ నివేదికను తల్లిదండ్రులకు కనబడే చోట 30 రోజుల పాటు అంటించాలి. అప్పటికే చేరిన పిల్లల తల్లిదండ్రులకు దాని నకలు ఇవ్వాలి. తర్వాతి 12 నెలల్లో కొత్తగా చేరే పిల్లల తల్లిదండ్రులకు కూడా ఇవ్వాలి. అందినట్టు సంతకం తీసుకుని పిల్లల ఫైలులో పెట్టాలి. కనుక నేను మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న: ఆ నివేదిక ప్రతి మీ చేతికి ఇచ్చారా, లేక తలుపు పక్కన మీరే చూసుకున్నారా? చేతికి ఇచ్చి, జరిగినది నోటితో కూడా చెప్పి ఉంటే ఆ డైరెక్టరు గురించి ఒక మంచి విషయం తెలిసినట్టే. ఇవ్వకుండా గోడకు అంటించి ఊరుకుంటే అది మరో ఉల్లంఘన, అంతకు మించి మీతో దాపరికం.

మీరు చెప్పిన నాలుగు టైప్ బి లోపాల గురించి క్లుప్తంగా చెబుతాను. పిల్లలు వాడే కుళాయిలో వేడినీళ్ళు 105 నుంచి 120 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్యలోనే ఉండాలి, అంటే సుమారు 40 నుంచి 49 డిగ్రీల సెల్సియస్. ఎనలిస్ట్ సంచిలో థర్మామీటరు ఉంటుంది. 140 డిగ్రీలకు చేరితే కొద్ది క్షణాల్లోనే పసివాళ్ళ చర్మం కాలిపోతుంది కాబట్టి ఈ నియమం చాదస్తం కాదు, అయితే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపినప్పుడు హీటరు మీట కాస్త తిప్పితే ఆ రోజే సరైపోతుంది. సిబ్బందికి తట్టు, కోరింతదగ్గు టీకాల రుజువు ఉండాలన్నది 2016 నుంచి అమలులో ఉన్న చట్టం. టీకా వేయించుకుని కాగితం తేవడం మరచిపోయిన టీచర్లు ప్రతి చోటా ఉంటారు. విపత్తు డ్రిల్ కనీసం ఆరు నెలలకొకసారి చేసి తేదీ రాసి పెట్టాలి; చేసి రాయకపోయినా నివేదికలో చేయనట్టే. జారుడుబల్ల కింద చెక్కపొట్టు మాత్రం కాస్త ఆలోచించవలసినదే, ఎందుకంటే ఆటస్థలాల్లో పిల్లలకు తగిలే పెద్ద దెబ్బల్లో ఎక్కువ భాగం కింద పడడం వల్లే తగులుతాయి, సరిగ్గా పిల్లలు దిగే చోటే పొట్టు పక్కకు జరిగిపోయి గట్టి నేల తేలుతుంది. ఈసారి పాపను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు ఆ చోట కాలితో నొక్కి చూడండి. ఇవన్నీ నాలుగు వేర్వేరు విషయాలు, నాలుగూ సరిచేసినట్టు నివేదికల్లో ఉంటే వాటిని అక్కడితో వదిలేయవచ్చు. అదే వేడినీళ్ళ లోపం వరుసగా రెండు మూడు తనిఖీల్లో మళ్ళీ మళ్ళీ వచ్చి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది, ఎందుకంటే చిన్న లోపమైనా తిరిగి వస్తోందంటే చెప్పిన మాట వినే అలవాటు అక్కడ లేదన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పిల్లవాడు ఒంటరిగా మిగిలిపోవడం చదివినప్పుడు మీ కడుపులో కలిగిన కలవరం సరైనదే. టైటిల్ 22 ప్రకారం ఏ పిల్లవాడూ ఏ క్షణంలోనూ టీచరు పర్యవేక్షణ లేకుండా ఉండకూడదు, ఆ పర్యవేక్షణ అంటే కంటితో చూస్తూ ఉండడం. పక్క గదిలో ఉన్నాను, మాట వినబడుతోంది అంటే చెల్లదు. పర్యవేక్షణ లేకపోవడాన్ని రాష్ట్రం తక్షణ జరిమానా వేసే కొద్దిపాటి ఉల్లంఘనల్లో చేర్చింది, ఆ జరిమానా 500 డాలర్లు. మా వృత్తిలో వేడినీళ్ళ గురించి ఎవరూ నిద్ర మానుకోరు. దీని గురించి మాత్రం మానుకుంటాం.

ఇటువంటివి ఎప్పుడు జరుగుతాయో తెలిస్తే ఎలా ఆపాలో కూడా తెలుస్తుంది. పిల్లలందరూ ఒక గదిలో కూర్చుని పాట పాడుతున్నప్పుడు ఎవరూ తప్పిపోరు. ఒక చోటి నుంచి మరో చోటికి కదిలేటప్పుడు తప్పిపోతారు. ఆటస్థలం నుంచి గదిలోకి వచ్చేటప్పుడు బొమ్మల ఇంట్లోనో ఇసుకగుంట వెనకాలో ఒక పిల్లవాడు ఆటలో మునిగి ఉంటాడు. ముందు నడిచే టీచరు వెనకవాళ్ళను రెండో టీచరు చూస్తుందనుకుంటుంది. రెండో టీచరు ఆ క్షణాన ఒక పాప షూ లేసు కడుతూనో, ముక్కు తుడుస్తూనో ఉంటుంది. ఇద్దరూ నిజాయితీగా పనిచేసేవాళ్ళే, ఇద్దరిలో ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, అయినా తలుపు మూసుకుంటుంది. కనుక టీచర్లను జాగ్రత్తగా ఉండమని చెప్పడం పరిష్కారం కాదు. జాగ్రత్త అలసిపోతుంది, సాయంత్రానికి మరీ అలసిపోతుంది. పనికి వచ్చేది ఒక స్థిరమైన పద్ధతి: బయలుదేరే ముందు పేర్లు చదివి లెక్క, లోపలికి వచ్చాక మళ్ళీ పేర్లు చదివి లెక్క, రెండూ సమయంతో సహా ఒక కాగితం మీద రాయడం, అందరికంటే చివర వచ్చే టీచరు ఎవరో ముందే నిర్ణయించి, ఆమె ఆటస్థలం మూలమూలా తిరిగి చూశాకే తలుపు వేయడం. 'పన్నెండు మంది' అని అంకె చెప్పుకోవడం కన్నా పేరు పేరునా ముఖం చూసి లెక్కపెట్టడం మేలు, ఎందుకంటే పక్క తరగతి పాప ఒకరు వరుసలో కలిసిపోతే అంకె సరిపోతుంది, మన పిల్లవాడు మాత్రం బయట ఉంటాడు.

రేషియో, అంటే ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లు అన్న నిష్పత్తి, గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కాలిఫోర్నియాలో ప్రీస్కూల్ వయసు పిల్లలు పన్నెండు మందికి ఒక టీచరు ఉండాలి. ఆ టీచరుకు తోడు ఒక ఎయిడ్ (సహాయకురాలు) ఉంటే పదిహేను మంది వరకు, ఆ ఎయిడ్ కాలేజీలో బాల్యవిద్య ఆరు యూనిట్లు చదివి ఉంటే పద్దెనిమిది మంది వరకు ఉండవచ్చు. ఏడాదిన్నర దాటిన పసివాళ్ళ టాడ్లర్ తరగతిలో ఆరుగురికి ఒకరు, ఇంకా చిన్నవాళ్ళలో నలుగురికి ఒకరు. మధ్యాహ్నం నిద్రవేళ ఒకరే ఇరవై నలుగురిని చూడవచ్చు, కాని మామూలు నిష్పత్తికి కావలసిన మిగతావాళ్ళు పిలిస్తే వెంటనే వచ్చేలా ఆ కేంద్రంలోనే ఉండాలి. ఉదయం పదిగంటలకు వెళ్ళి చూస్తే దాదాపు ప్రతి స్కూల్లో ఈ లెక్కలు సరిగ్గా ఉంటాయి. తప్పేది రోజు అంచుల్లో: తలుపు తీసిన మొదటి గంటలో ఇంకో టీచరు ట్రాఫిక్‌లో ఉన్నప్పుడు, టీచర్ల భోజన విరామాల్లో, నిద్ర నుంచి పిల్లలు ఒక్కొక్కరే లేస్తున్నప్పుడు, సాయంత్రం అయిదు దాటాక రెండు తరగతులను కలిపేసినప్పుడు. నిద్రవేళ ఇరవై నలుగురికి ఒకరు సరిపోతుందన్న నియమం పిల్లలు నిద్రపోతున్నంత సేపే. సగం మంది లేచి తిరగడం మొదలైన ఆ ఇరవై నిమిషాలకూ దాన్నే సాగదీస్తే ఉల్లంఘన. నా సలహా: మీ స్కూల్లో సంఘటన ఏ సమయంలో జరిగిందో నివేదికలో చూడండి. ఆ సమయానికి నిష్పత్తి సరిగ్గానే ఉండి కూడా జరిగిందా, లేక మనుషులు తక్కువై జరిగిందా? మొదటిదైతే పద్ధతి లోపం, ఒక వారంలో సరిచేయవచ్చు. రెండోదైతే డబ్బు, సిబ్బంది లోపం. అది అంత త్వరగా సరికాదు, మళ్ళీ జరిగే అవకాశం ఎక్కువ.

నివేదికలో ఇంకొక వాక్యం కోసం తప్పక వెతకండి. ఈ సంఘటన రాష్ట్రానికి ఎలా తెలిసింది? పిల్లవాడికి గాయమైనా, ఎవరూ చూడకుండా మిగిలిపోయినా, ఇటువంటి అసాధారణ సంఘటన జరిగితే కేంద్రం తర్వాతి పనిదినంలోగా లైసెన్సింగ్ కార్యాలయానికి ఫోనులో చెప్పి, ఏడు రోజుల్లో రాతపూర్వకంగా పంపాలి. అలా తనంతట తాను చెప్పుకున్న కేంద్రానికి కూడా ఎనలిస్ట్ వచ్చి విచారించి టైప్ ఎ రాస్తారు. చెప్పుకున్నారు కదా అని వదిలేయరు. కనుక కేంద్రమే తెలియజేసిన సంఘటన అని నివేదికలో ఉంటే, ఆ డైరెక్టరు జరిమానా, గోడ మీద కాగితం, తల్లిదండ్రుల కోపం అన్నీ వస్తాయని తెలిసి కూడా ఫోను చేసిందన్నమాట. అది చాలా బరువైన సాక్ష్యం. ఎవరో ఫిర్యాదు చేస్తే బయటపడిందైతే, చెప్పకుండా దాచారా అని మీరు అడగవలసి ఉంటుంది.

మీ స్నేహితురాలి స్కూల్‌కు ఒక్క లోపం లేదన్న మాటను కూడా ఈ వెలుగులోనే చూడాలి. ఏడాదికి ఒక సందర్శన, అది కూడా కొన్ని గంటలు. ఆ గంటల్లో కనబడనిది నివేదికలోకి రాదు. నిజంగానే గొప్పగా నడిచే స్కూల్ కావచ్చు, అటువంటివి ఉన్నాయి. కొత్తగా తెరిచినది కావచ్చు, ఇంకా ఒక్క తనిఖీయే అయి ఉండవచ్చు. యాజమాన్యం మారితే కొత్త లైసెన్సు సంఖ్య వస్తుంది, పాత చరిత్ర పాత సంఖ్య కిందే ఉండిపోతుంది. లేదా చిన్న చిన్న సంఘటనలను రాష్ట్రానికి చెప్పుకోని స్కూల్ కావచ్చు. సున్నాను చూసి మురిసిపోయే ముందు ఆ స్కూల్ లైసెన్సు ఎప్పటిది, ఎన్ని సందర్శనలు జరిగాయి, వాటిలో ఫిర్యాదు విచారణలు ఎన్ని అన్నవి అదే వెబ్‌సైటులో చూడండి. ఫిర్యాదు వస్తే రాష్ట్రం పది రోజుల్లోగా అక్కడికి వెళ్ళాలి. విచారణ తర్వాత మూడు మాటల్లో ఒకటి రాస్తారు: రుజువైంది, రుజువు కాలేదు, నిరాధారం. మధ్యదాన్ని చాలామంది తల్లిదండ్రులు 'ఏమీ జరగలేదు' అని చదువుకుంటారు. దాని అర్థం జరిగి ఉండవచ్చు, తగినంత సాక్ష్యం దొరకలేదు అని. ఒకే రకమైన ఫిర్యాదు, ఉదాహరణకు టీచరు పిల్లల చేయి పట్టి ఈడ్చిందని, వేర్వేరు సమయాల్లో మూడుసార్లు వచ్చి మూడుసార్లూ 'రుజువు కాలేదు' అని ఉంటే, నేనైతే నాలుగు టైప్ బిల కన్నా దానికే ఎక్కువ భయపడతాను.

చేయి పట్టి ఈడ్చడం పిల్లల వ్యక్తిగత హక్కుల ఉల్లంఘన; ఆ ప్రస్తావన వచ్చింది కాబట్టి మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. కొట్టడం, తిండి ఆపడం, గదిలో ఒంటరిగా బంధించడం, అవమానించడం ఈ నియమాల్లో నిషిద్ధం, తల్లిదండ్రులు అనుమతి ఇచ్చినా నిషిద్ధమే. 'మా వాడు మాట వినకపోతే రెండు వేయండి, మేమేమీ అనుకోం' అని ప్రేమతోనే చెప్పే తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ మాట టీచరును చాలా ఇబ్బందిలో పెడుతుంది, ఆమె చట్టప్రకారం పిల్లల హింసను తెలియజేయవలసిన బాధ్యత ఉన్న మనిషి కూడా.

మరొక విషయం, దీన్ని నిందగా తీసుకోవద్దని కోరుతున్నాను: స్కూళ్ళకు పడే లోపాల్లో కొన్ని మన ఇళ్ళ నుంచి వస్తాయి. జ్వరం మందును అసలు సీసాలో కాకుండా వేరే చిన్న సీసాలో పోసి బ్యాగులో పెట్టి పంపడం, ఇండియా నుంచి తెచ్చిన హోమియో మాత్రల డబ్బాను పాప జేబులో వేయడం మనకు మామూలు. స్కూల్లో మందు ఇవ్వాలంటే లేబులు ఉన్న అసలు సీసా, రాతపూర్వకమైన మీ అనుమతి, ఎలా ఇవ్వాలో రాతలో సూచన ఉండాలి, ఇచ్చిన ప్రతిసారీ రాయాలి, పిల్లలకు అందని చోట పెట్టాలి. పిల్లల బ్యాగులో ఎనలిస్ట్‌కు మందు కనబడితే రాసేది స్కూల్ మీదే, కాని ప్రమాదం ఆ బ్యాగు తెరిచిన పక్క పిల్లవాడికి. అలాగే అమ్మమ్మా తాతయ్యా ఇండియా నుంచి వచ్చినప్పుడు పాపను తీసుకురావడానికి వాళ్ళను పంపే ముందు అత్యవసర సమాచార పత్రంలో వాళ్ళ పేర్లు చేర్చి, మొదటి రోజు పాస్‌పోర్టు వెంట ఇచ్చి పంపండి. టీచరు గుర్తింపు అడిగి పిల్లను ఇవ్వడానికి ఆగితే పెద్దాయన నొచ్చుకుంటారు, కాని అడగకుండా ఇచ్చేసే స్కూల్లోనే అసలు భయపడాలి. వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ చేసే సంతకం పూర్తి సంతకం అయి ఉండాలి, సమయం వేయాలి. నిప్పంటుకుని అందరినీ బయటికి తెచ్చిన రోజున లోపల ఎవరైనా మిగిలారా అని తేల్చుకోవడానికి ఆ కాగితమే ఆధారం.

టీకాల విషయంలో ఇండియాలో పుట్టిన పిల్లలకు తరచూ ఒక చిక్కు వస్తుంది. ఇక్కడ ప్రీస్కూల్‌కు మొదటి పుట్టినరోజున గానీ ఆ తర్వాత గానీ వేసిన ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా ఒక డోసు తప్పనిసరి. మన ప్రభుత్వ టీకా కార్యక్రమంలో తొమ్మిదో నెలలో వేసేది ఎంఆర్. అందులో గవదబిళ్ళల భాగం లేదు, పైగా ఏడాది నిండకముందు వేసినది కాబట్టి ఇక్కడ లెక్కకు రాదు. ఆటలమ్మ టీకా ఆ కార్యక్రమంలో లేదు, ఇక్కడ ప్రీస్కూల్ వయసు పిల్లలకు కావాలి. వ్యక్తిగత నమ్మకం పేరుతో మినహాయింపు 2016 నుంచి లేదు. కనుక పాపకు టీకాలన్నీ వేయించామని చెబితే స్కూల్ ఆఫీసు ఒప్పుకోకపోవడం వాళ్ళ మొండితనం కాదు. ఇక్కడి పిల్లల డాక్టరు దగ్గరికి ఆ కార్డు తీసుకువెళితే మిగిలిన డోసులు ఏవో చెబుతారు.

తనిఖీ కొలవనివి కూడా ఉన్నాయి. టీచరు పిల్లల స్థాయికి వంగి కళ్ళలోకి చూసి మాట్లాడుతుందా, ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుంటుందా, టీచర్లు ఏడాదిలో ఎన్నిసార్లు మారుతున్నారు అన్నవి ఏ నివేదికలోనూ ఉండవు. లోపల ఒక్కొక్కరికి 35 చదరపు అడుగులు, బయట 75 చదరపు అడుగులు ఉన్నాయని మాత్రం ఉంటుంది. ఆఖరిది, టీచర్ల మార్పు, నా దృష్టిలో భద్రతకు సంబంధించినదే: పిల్లల పేర్లూ ముఖాలూ తెలియని మనిషి ఎంత కళ్ళలో వత్తులు వేసుకుని చూసినా ఎవరు లేరో ఎలా గుర్తుపడుతుంది?

ఇప్పుడు మీరు చేయవలసింది. పిల్లలు ఉన్న ఏ వేళలోనైనా ముందుగా చెప్పకుండా కేంద్రంలోకి వెళ్ళి చూసే హక్కు తల్లిదండ్రులుగా మీకు చట్టం ఇచ్చింది. గత మూడేళ్ళ తనిఖీ నివేదికలను, రుజువైన ఫిర్యాదులను అక్కడే అడిగి చదివే హక్కు కూడా ఉంది. ఈ హక్కులను వాడినందుకు గానీ, ఫిర్యాదు చేసినందుకు గానీ మీ మీదా పాప మీదా కక్ష సాధించకూడదు. ఫిర్యాదు చేసినవారి పేరును రాష్ట్రం గోప్యంగా ఉంచుతుంది. ఒకరోజు సాయంత్రం అయిదున్నరకు, మరోరోజు నిద్ర లేచే వేళకు, ఇంకోరోజు ఆటస్థలం నుంచి లోపలికి వచ్చే వేళకు వెళ్ళండి. ఎవరినీ ఏమీ అడగకండి, నిలబడి చూడండి. వరుస కట్టినప్పుడు పేర్లు చదువుతున్నారా? చేతిలో జాబితా ఉందా? చివరి టీచరు వెనక్కి తిరిగి చూసి తలుపు వేస్తోందా?

తర్వాత డైరెక్టరును సమయం అడిగి కూర్చోండి. కోపంగా కాక, నివేదిక చేతిలో పట్టుకుని మూడు విషయాలు అడగండి. ఆ రోజు అసలు ఏం జరిగింది, ఆ పిల్లవాడు లేడని మొదట ఎవరు గమనించారు? అప్పటినుంచి ఏ పద్ధతి మారింది, దాని కాగితం చూపించగలరా? ఆ తరగతితో ఆ రోజు ఉన్న టీచర్లకు ఏ శిక్షణ ఇచ్చారు? పనిలో పనిగా, ఆ భవనం 2010కి ముందు కట్టినదైతే తాగునీటిలో సీసం పరీక్ష ఎప్పుడు చేయించారో, ఏ కుళాయిలోనైనా బిలియన్‌కు 5 పాళ్ళు దాటిందో లేదో కూడా అడగవచ్చు. అయిదేళ్ళకొకసారి ఆ పరీక్ష తప్పనిసరి, ఫలితం తల్లిదండ్రులకు చెప్పాలి.

ఆ డైరెక్టరు పిల్లవాడు ఎన్ని నిమిషాలు బయట ఉన్నాడో తడుముకోకుండా చెప్పి, నిన్నటి లెక్క కాగితం తీసి మీ ముందు పెట్టి, ఇప్పుడు తలుపు దగ్గర ఎవరు నిలబడతారో పేరుతో చెబితే, నేను పాపను అక్కడే ఉంచుతాను. 'లైసెన్సింగ్ వాళ్ళు ప్రతిదాన్నీ పెద్దది చేస్తారు', 'ఆ టీచరును తీసేశాం, ఇక సమస్య లేదు', 'రెండు నిమిషాలే కదా' అన్న మూడింటిలో ఏ మాట విన్నా, కొత్త చోటు వెతకడం ఆ రోజే మొదలుపెడతాను. టీచరును తీసేశామన్నది విని మీరు నమ్మకం పెట్టుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. పద్ధతి మారకుండా మనిషి మారితే, వచ్చే కొత్త టీచరుకు మీ పాప ముఖం కూడా ఇంకా తెలియదు.